అవ్వ నోట రాని పేరు

మొన్న మా కోడలు బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. మనవరాలి బడిలో వంశవృక్షం గీసుకుని రమ్మన్నారట. అడుగున పిల్ల పేరు, దానిపైన అమ్మానాన్నలు, ఆ పైన మేము, అట్లా ఎక్కుతూ పోవాలట. "అత్తయ్యా, మీ అమ్మగారి నాన్న పేరేమిటి?" అని అడిగింది. అడుగుతూనే మధ్యలో ఫోను పక్కకు పెట్టి, మా వాణ్ణి పేరు పెట్టి పిలిచి "ఒరేయ్, కుక్కర్ కట్టెయ్‌రా" అని కేకేసింది. నాకు నవ్వొచ్చింది. తప్పుబట్టే నవ్వు కాదు లెండి. నేనూ ఉద్యోగం చేసినదాన్నే, నాలుగు పుస్తకాలు చదివినదాన్నే. అయినా ఇన్నేళ్ల కాపురంలో మా ఆయన్ని పిలవాల్సి వచ్చినప్పుడల్లా "ఇదిగో"తోనే నెట్టుకొచ్చాను. ఒకసారి మదనపల్లె బస్టాండులో ఆయన పొరపాటున వేరే బస్సెక్కి కూర్చుంటే కిటికీ కింద నిలబడి "ఇదిగో, ఇదిగో" అని గొంతు చించుకున్నాను. బస్సులోని మగవాళ్లందరూ తలలు బయటపెట్టారు, ఆయన తప్ప. ఇదంతా కోడలికి చెప్తే నవ్వుతుందని, "శ్రీనివాసులు అని రాసెయ్యమ్మా" అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేదు.

ఆ పేరు వల్ల మా ఇంట్లో ఒక పెళ్లి ఆగిపోయేంత పనైంది. తొంభైల నడిమి సంగతి. నేనప్పుడు మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊరి బడిలో పాఠాలు చెప్పేదాన్ని. మదనపల్లెలో మా అమ్మావాళ్ల ఇల్లూ మా మామ ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. మామ అంటే అమ్మకు తమ్ముడు. టమోటా మండీలో గుమాస్తా. పొద్దున్నే ఇంట్లోంచి సున్నం కొట్టినట్టున్న తెల్ల చొక్కాతో పోయి, సాయంత్రం ఎర్ర మరకలతో వచ్చేవాడు. కోపం ముక్కు మీదే ఉండేది, కానీ నలుగురిలో నోరు విప్పమంటే చెమటలు పట్టేవి. ఆ రెండిళ్లకూ పెద్ద దిక్కు మా అవ్వ. చిన్నప్పుడు మమ్మల్నందరినీ పెంచింది ఆమె పట్టునూలు చుట్టిన చేతులే. ఉడికిన పట్టుగూళ్ల వాసన ఒకటి ఉంటుంది, తెలిసినవాళ్లకే తెలుస్తుంది, ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. నాకు మాత్రం అది అన్నం పెట్టే మనిషి వాసన.

అవ్వ ముఖాన పాత రూపాయి బిళ్లంత కుంకుమ ఉండేది. పొద్దున నీళ్లు పోసుకోగానే అరచేతిలో మైనం అరగదీసి, నుదుట గుండ్రంగా పూసి, దాని మీద కుంకుమ అద్దేది. అద్దం చూసేది కాదు. ఎప్పుడూ ఒకే చోట, ఒకే గుండ్రం. గాజులమ్మే ఆమె వీధిలోకి వస్తే ముందు మా అవ్వ దగ్గరే బుట్ట దించాలి. చేతినిండా మట్టిగాజులు వేయించుకుని, ఆ గలగలతోనే నూలు చుట్టేది. అయితే ఇంత వైభవానికీ కారణమైన మా తాతను మేమెవరమూ చూడలేదు. మా అమ్మకు అప్పుడప్పుడే నడక వచ్చి, మామ ఇంకా అవ్వ కడుపులో ఉన్నప్పుడు పుంగనూరు సంతలో పశువుల దళారిగా ఉన్న ఆయన ఇల్లు వదిలి పోయాడు. మళ్లీ రాలేదు. అవ్వ బిడ్డలిద్దరినీ వేసుకుని పుట్టింటి ఊరని మదనపల్లె చేరుకుంది. ఆమెను కదిపితే ఒకటే మాట చెప్పేది. "పోయొస్తా అని పోయినాడు. పోతా అని పోలేదు."

మా వైపు గడప దాటేవాళ్లు 'పోతా' అనరు. పొరపాటున అంటే వెనక్కి పిలిచి కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, 'పోయొస్తా' అనిపించి మరీ పంపిస్తారు. అవ్వకు ఆ 'వస్తా' అన్న ముక్కే రిజిస్టరు కాగితం. దాని మీదే నలభై ఏళ్లకు పైగా కాపురం చేసింది. ఫోటో లేదు, ఆయన వాడిన వస్తువు లేదు. ఆయన ఉన్నాడనడానికి ఇంట్లో మిగిలిందల్లా కాగితాల మీది పేరే. రేషను కార్డులో అవ్వ పేరు పక్కన 'భర్త: శ్రీనివాసులు', ఓటర్ల జాబితాలో అదే, మామ బడి సర్టిఫికెట్లో అదే, అమ్మ శుభలేఖలో కూడా అదే.

మా తమ్ముడికి పెళ్లి కుదిరింది. పిల్లవాళ్లది పలమనేరు. ముహూర్తాలు పెట్టుకున్నారు, పసుపు దంచే రోజు కూడా అనుకున్నారు. మొదటి రోకలి పోటు పెద్ద ముత్తయిదువ వేయాలి. మా ఇంట్లో అది ఎప్పుడూ అవ్వే. అప్పుడు వచ్చింది పుంగనూరత్త. మా తాత తమ్ముడి కోడలు ఆమె. తాతవైపు మాకు మిగిలిన దాయాదుల ఇల్లు అదొక్కటే. చెడ్డ మనిషి కాదు, మా అందరి పురుళ్లకూ పుణ్యాలకూ ముందు నిలబడి చేసిన మనిషి. కాకపోతే మనసులో ఏదీ నానబెట్టదు. వచ్చీ రాగానే కాళ్లు కడుక్కుని, అమ్మను వంటింట్లోకి తీసుకుపోయి, ఇల్లంతటికీ వినపడేలా రహస్యం చెప్పింది.

"తప్పుగా అనుకోవద్దు వదినా. పిల్లోళ్లు నన్నే అడిగినారు, మీ పెద్దాయన ఉండాడా లేదా అని. ఉండాడంటే యాడ ఉండాడు? లేడంటే పెద్దత్తకు ఆ బొట్టేంది, ఆ గాజులేంది? ఆమె దంచిన పసుపు పిల్లకి పూస్తే, రేపు ఏదన్నా అయితే ఎవురిని అంటారు? నేనేమని సెప్పల్ల వాళ్లకి?"

అమ్మకు ఏడుపు తప్ప ఏమీ రాలేదు. పెళ్లికొడుకు మాత్రం ముందు గదిలోంచి అరిచాడు. "అవ్వ దంచని పసుపైతే నాకు పెండ్లే వద్దు. పలమనేరుకు అట్లనే సెప్పండి." పుంగనూరత్త కళ్లు పెద్దవి చేసింది. తెలియకుండా పోయినవాళ్లకు బొమ్మ చేసి కర్మ జరిపించే పద్ధతి ఒకటి ఉందని, పెళ్లి లోపలే అది కానిచ్చేస్తే ఏ గొడవా ఉండదని అంది. గోడకు ఆనుకుని అవ్వ నూలు చుడుతూనే ఉంది. రాట్నం ఆగలేదు గానీ గాజుల చప్పుడు ఆగిపోయింది. చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని తిప్పుతోందని నాకు తర్వాత అర్థమైంది. బతికున్న మనిషికి బొమ్మ చేసి కాలుస్తామంటే ఏ ఆడది మాత్రం ఊరుకుంటుంది? నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆయన బతికున్నాడని ఎవరికి తెలుసు? ఆ మాట అడిగే ధైర్యం మాలో ఒక్కరికీ అంతవరకూ లేకపోయింది.

మామ మరుసటి రోజు మండీకి పోలేదు. "పాపా, బడికి సెలవు పెట్టు. పోదాం. ఉంటే పిల్సుకొస్తాం, లేకుంటే లేదని తెలుసుకొస్తాం. బొమ్మలూ గిమ్మలూ వద్దు" అన్నాడు. నన్నెందుకంటే, కొత్తవాళ్లతో మాట్లాడేందుకు. అవ్వ మాకు రాగి సంగటి, పచ్చడి మూట కట్టిచ్చింది. ఎక్కడికని అడగలేదు. మేం గడప దాటుతుంటే మాత్రం మామ వైపు చూస్తూ నిలబడింది. మామ గబగబా "పోయొస్తాం మా" అన్నాడు.

పుంగనూరు అప్పటికి ఎండకు వేగిపోతోంది. సంత జరిగే మైదానం పక్కన, పశువుల బేరాలు చేసి చేసి ముసలివాడైన ఒకాయన ఉన్నాడని, ముందు రోజే తన ఊరికి తిరిగొచ్చిన అత్తే చెప్పింది. వెళ్లేసరికి ఆయన మోకాలెత్తు పుంగనూరు ఆవునొకదాన్ని పక్కన కట్టేసుకుని, దానికి విసురుతున్నాడో తనకు విసురుకుంటున్నాడో తెలియకుండా తువ్వాలు ఊపుతున్నాడు. శ్రీనివాసులు అనే పశువుల దళారి గురించి అడిగితే తెలియదన్నాడు. ఇంటిపేరు చెప్పి, ఎవరి అన్నో చెప్పి, ఎప్పుడు పోయాడో చెప్పాక తువ్వాలు ఆపాడు.

"సన్నప్పా? సన్నప్ప కొడుకువా నువ్వు? శ్రీనివాసులంటే నాకేమి తెలుస్తాదప్పా, సంతలో రాసుకునే పేర్లుండవు. రా, ఇట్ల కూర్సో."

ఇంట్లోనూ అంతేనట. తమ్ముడు అన్నా అనేవాడు, పెద్దవాళ్లు ముద్దుకు సన్నప్పా అనేవాళ్లు, అసలు పేరు ఎవరూ అనేవాళ్లు కాదు. ముసలాయన మామను పక్కన కూర్చోబెట్టుకుని, చేయి లాక్కుని, దాని మీద తువ్వాలు కప్పాడు. దళారులు ధర నోటితో చెప్పరు, గుడ్డ కింద వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు. "మీ నాయినకి మాట శానా తక్కువ. అంతా వేళ్లే. నా వేలు ఇట్ల పట్టి ఇట్ల నొక్కితే, ఇంక బేరం అయిపోయినట్లే" అని గుడ్డ కింద చేసి చూపించాడు. ఆయన చెప్పడం అయిపోయింది, తువ్వాలు తీయబోయాడు. మామ చేయి తీయలేదు. తన తండ్రిని పట్టుకున్న వేళ్లు అవి. యాభైకి దగ్గరైన మనిషి ఆ తువ్వాలు కింద చేయి పెట్టుకుని, తల పక్కకు తిప్పుకుని కూర్చున్నాడు. ముసలాయన కూడా అర్థం చేసుకున్నాడేమో, కాసేపు అట్లాగే ఉండనిచ్చాడు.

ఎందుకు పోయాడో కూడా ఆయనే చెప్పాడు. తాత మంచివని మాటిచ్చి అమ్మించిన జత ఎద్దుల్లో ఒకటి దుక్కిలోనే కూలి చచ్చిపోయిందట. కొన్న రైతు సంత నడుమ నిలబడి నానా మాటలూ అన్నాడట. తాత ఎదురు మాట్లాడలేదు. ఇంతకన్నా మంచి ఎద్దును తెచ్చి నీ కాడికి కడతానని మాత్రం అన్నాడట. "కుప్పం పక్క, కన్నడోళ్ల సరిహద్దులో గట్టి ఎద్దులు దొరుకుతాయి, ఆడికి పో అని నేనే సెప్తి. ఆ పొద్దు సెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు ముసలాయన. ఆవు మాత్రం మామ సంచిలోని సంగటి వాసన పట్టి ముట్టె పెట్టింది. ఎవరూ అదిలించలేదు.

కుప్పం బస్సులో మామ కిటికీ పక్కన కూర్చున్నాడు. వీకోట దాటాక ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు. "ఉంటే ఏమని పిలవల్ల పాపా? నాయినా అనేదానికి నోరు తిరుగుతాదా నాకు?" అని అడిగాడు. ముందు ఉండనీ మామా అన్నాను. అన్నాక నాకే భయమేసింది. ఉంటే ఒక కష్టం, లేకుంటే ఇంకో కష్టం. బతికి ఉండీ రాలేదంటే అవ్వకు ఏ మొహంతో చెప్పాలి? లేడంటే ఆ రూపాయి బిళ్లంత బొట్టును ఏ చేత్తో తుడవాలి?

కుప్పంలో రాళ్ల లారీలు రోడ్డును నున్నటి దుమ్ము చేసి పెట్టాయి. రైలు స్టేషను చుట్టుపక్కల కాఫీ హోటళ్లలో, తాళ్లూ పలుపులూ అమ్మే అంగళ్లలో, పశువులు కట్టే చోట, కనిపించిన ముసలివాళ్లందరినీ అడిగాం. ఒకరు తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగిస్తారు, ఇంకొకరు కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో తిడతారు. పుంగనూరు నుంచి వచ్చిన శ్రీనివాసులు, ఎద్దుల బేరాలు చేసే మనిషి, మాట తక్కువ. ఇవే మా దగ్గరున్న గుర్తులు. సన్నప్ప అంటే అక్కడ ఎవరికీ తెలియలేదు. పొద్దు వాలే ముందు పలుపుల అంగడాయన ఒక సందు చూపించాడు. చివరి ఇంట్లో నడివయసు ఆమె చేటలో చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. మేం అడగ్గానే చేట పక్కన పెట్టింది.

"ఆమా, ఉండె. శ్రీనివాసులు తాత. పుంగనూరాయప్పే. మా మామ ఎద్దులు సూసుకుంటా ఈ తిన్నె మీదనే పండుకుంటాండె. మాటే లేదు ఆయప్పకు, అడిగిందానికి తల ఊపేది అంతే. ఊరికి పోలేదా తాతా అంటే, మొకం లేదు మా అనేవాడు. పోయి శానా ఏండ్లాయ. మా మామే దగ్గరుండి అంతా సేసె. మీరు ఆయప్పకు ఏమవతారు?"

మామ తిన్నె దగ్గరికి పోయి, దాని అంచు మీద అరచేయి పెట్టి నిలబడ్డాడు. మొకం లేదు అన్న మాట దగ్గర నేనూ విరిగిపోయాను. ఊరూ పేరూ పనీ మౌనమూ, ఎద్దు గొడవలో పోగొట్టుకున్న మొకమూ, ఒక్కటీ తప్పలేదు. ఆమె ఏమనుకుందో, లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి మామ చేతికిచ్చింది. మామ తాగలేదు. పెరట్లో బోరింగు ఎక్కడుందో చూపించమన్నాడు. తండ్రి పోయాడని తెలిసిన కొడుకు తలకు పోసుకోవాలి, ఎన్నేళ్లకు తెలిసినా అంతే. నేను బోరింగు కొడుతుంటే బట్టలతోనే దాని కింద కూర్చున్నాడు. నీళ్లకూ కన్నీళ్లకూ తేడా తెలియకుండా ఏడ్చాడు. పుట్టాక ఒక్కసారైనా చూడని మనిషి కోసం అంత ఏడుపు ఎక్కడ దాచుకున్నాడో నాకు తెలియదు. నాయినా అనేదానికి మాత్రం నోరు బాగానే తిరిగింది.

ఆ రాత్రి స్టేషనులో గడిపి, మరుసటి ఉదయం తిరుగు బస్సెక్కాం. పుంగనూరులో దిగి అత్తకు చెప్పక తప్పలేదు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నిజంగానే ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, ఒక తెల్ల చీర సంచిలో పెట్టుకుని, "మీకేమి తెలుస్తాది, ఆడోళ్లం లేకుంటే ఎట్ల" అని మాతోపాటు బస్సెక్కింది. మదనపల్లె దాకా ఆ సంచి నా ఒళ్లోనే ఉంది. దించి కింద పెడదామంటే చేతులు రాలేదు. ఊరి ముందు టమోటాలకు ధర లేక రోడ్డు పక్కన గుట్టలు పోసి ఉన్నాయి. ఎప్పుడూ ధర గురించి బాధపడే మామ అటు చూడనైనా లేదు.

మమ్మల్ని, మాతో వచ్చిన అత్తను, మామ ముడతలు పడి ఆరిన బట్టల్ని చూడగానే అమ్మకు అర్థమైపోయింది. వీధిలోనే కూలబడింది. పక్కిళ్ల ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గోడల వెంబడి నిలబడ్డారు. అవ్వ నడి ఇంట్లో రాట్నం ముందే ఉంది. నేను పోయి ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను. ఎవరు నోరు విప్పుతారు? మామ గోడ వైపు తిరిగాడు. చివరికి అత్తే ముందుకొచ్చి, కిందికి వంగి, మెల్లగా చెప్పింది. "పెద్దత్తా, పెద్దమామ కుప్పంలో శానా ఏండ్ల కిందటనే పోయినాడంట. నీ కొడుకు తలకి పోసుకోని వచ్చినాడు. ఇంక మనసు రాయి సేసుకోవల్ల." చెప్పి, అవ్వ గాజుల చేతిని పట్టుకోబోయింది.

అవ్వ చేయి వెనక్కి తీసుకుంది. "ఆ పోయినాయప్ప పేరేమి?" అని అడిగింది.

మతి చలించిందని అత్త కళ్లతోనే అంది. మామ గోడ వైపే ఉండి, "ఇంకేముంది మా, శ్రీనివాసులే. మా నాయిన పేరే" అన్నాడు.

"ఇంకొక తూరి సెప్పు నాయినా."

"శ్రీనివాసులు మా!"

అవ్వ పెద్దగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఎంతసేపటి నుంచి పట్టుకుని కూర్చుందో. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. "అయ్యో, ఎవురు కన్న బిడ్డో పాపం. ఆయప్పకి కొడుకు ల్యాకపోతే నువ్వు పోసుకుంటివి, పుణ్యమేలే నాయినా. మీ నాయిన పేరు శ్రీనివాసులని నీకెవురు సెప్పిరి?" అంది.

ఎవరు చెప్పాలి? కాగితాలు చెప్పాయి. రేషను కార్డు చెప్పింది. అవ్వ అప్పుడు చెప్పిన సంగతి విని గోడల వెంబడి నిలబడ్డ ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మొదటిసారి ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకునే ఆయన వచ్చినప్పుడు మీ ఆయన పేరేమని అడిగాడట. ఇంటాయన పేరు నోటితో ఎట్లా అంటారు? ఆయుస్సు తగ్గదూ! గోడ మీది ఏడుకొండలవాడి పటం చూపించి, ఆ సామి పేరే అన్నదట. ఆయన పటం చూసి "శ్రీనివాసులా?" అన్నాడట. కాదనేందుకు తల అడ్డంగా ఊపబోయేలోపు సిగ్గుతో నవ్వొచ్చిందట. ఆ నవ్వును అవునని రాసుకుని పక్కింటికి పోయాడట. ఆ కాగితం చూసి రేషను కార్డు, అది చూసి బడి, బడిని చూసి ఓటర్ల జాబితా. సామికున్న వేయి పేర్లలో ఒకదాన్ని ఆయన ఏరుకున్నాడు, మేమందరం దాన్నే మోశాం.

"తప్పని తెలిసీ యాల ఊరుకున్నావు మా?" అని మామ అరిచాడు. అప్పటికి కోపం తిరిగొచ్చింది.

"తప్పని సెప్పల్లంటే ఒప్పు సెప్పల్ల కదా! నా నోటితోనా? పోనీలే, మంచికే అయింది అనుకుంటి. ఊర్లో పదిమంది కాగితాల్లో పెట్టుకోని ఆ పేరే నమిలితే, ఆయన పేరు సల్లగా ఉంటాది అనుకుంటి." అని అత్త వైపు తిరిగి, "ఆ సీర లోపల పెట్టుకోమ్మా, మాసిపోతాది" అంది.

అంతే. అడగాల్సిన ప్రశ్న అందరి నాలుకల మీదా ఉంది. మరి అసలు పేరేమిటి? మామ అడిగాడు, కాళ్లు పట్టుకుని అడిగాడు. పేరు తెలిస్తే మళ్లీ పోయి వెతుకుతానన్నాడు. అవ్వ చెవులు మూసుకుంది. ఆ మాట వినీ వినగానే పుంగనూరత్త కూడా అవ్వవైపే చేరిపోయింది. "యాడన్నా బతికి ఉండే మనిషి. ఆమెతో పేరు సెప్పించి ఆయుస్సు తీస్తారా?" అని మామనే కసిరింది. పసుపు దంచే రోజున మొదటి పోటు అవ్వే వేసింది. పక్కన రోకలి పట్టుకున్నది పుంగనూరత్త. పలమనేరు వాళ్లు ఏమీ అనలేదు. అనే సందు అత్త ఇవ్వలేదు.

పెళ్లి సందడి ముగిశాక ఒక మధ్యాహ్నం అందరూ నిద్రపోతున్నారు. నేనూ అవ్వా వసారాలో ఉన్నాం, ఆమె చిక్కుపడిన నూలు విడదీస్తోంది. నాకు కుతూహలం ఆగలేదు. "అవ్వా, నువ్వు పేరు అనొద్దు. నేను సామి పేర్లు ఒక్కొక్కటే చెప్తాను, ఆ పేరు వచ్చినప్పుడు ఊరికే కన్ను మూసి తెరువు, చాలు. నోటితో అన్నట్టు కాదు కదా" అన్నాను. అవ్వ చేతులు ఆగాయి. సరే కానీ అంది. వెంకటరమణ అన్నాను. గోవిందప్ప అన్నాను. తిరుమలయ్య, వెంకటేశు, బాలాజీ, తిమ్మప్ప. ప్రతి పేరుకూ ఆమె మెడ ముందుకు సాచి, వీధిలో ఎవరో పిలిచినట్టు చెవి పెట్టి విన్నది. కన్ను మూయలేదు. తెలిసిన పేర్లన్నీ అయిపోయి, నేను మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఈసారి ఆమె పెదాలు కూడా నాతోపాటు కదిలాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సాలు మా," అంది. "అన్నీ ఆయన పేర్లే అనిపిస్తాండాయి. ఏదీ కాదనిపిస్తాంది."

నాకు అర్థం కాలేదు. అవ్వే చెప్పింది.

"మర్సిపోతినమ్మా. నేను అనకపోతిని. నా ముందర అనేవాళ్లు యాడ ఉండారు? దాసి దాసి, యాడ పెట్టినానో తెలీకుండా పోయింది. కాగితాలాయప్ప రాసుకునింది తప్పని గ్యాపకం ఉండాది. ఒప్పు ఏదో గెవనం ల్యా." నా చేయి గట్టిగా పట్టుకుంది. "తప్పైతే తప్పే మా. ఆ నవ్వు నాకు బాగా గెవనం. కాగితాల్లో ఉండే పేరు ఆయనది అవునా? కాదా? నువ్వు సెప్పు."

ఆ 'నువ్వు సెప్పు' నన్ను నిలువునా కోసింది. ఇంటి నిండా చుట్టాల ముందు అంత ధీమాగా నవ్విన మనిషి, తన గాజులు తానే కాపాడుకున్న మనిషి, నన్ను పట్టుకుని అడుగుతోంది. కుప్పంలో తిన్నె మీద పడుకున్న ఆ మాట తక్కువ మనిషి ఎవరో నాకేం తెలుసు? అవునంటే నలభై ఏళ్ల బొట్టు పోతుంది, కాదంటే నాకు తెలియని దానికి నేను సాక్ష్యం చెప్పినట్టు. నేను ఆలోచించలేదు. "తప్పే అవ్వా. శ్రీనివాసులు కానే కాదు" అన్నాను. ఆమె చేయి మెల్లగా వదులైంది. ఎవరికీ చెప్పొద్దంది. చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు, మామకూ చెప్పలేదు.

రెండు వేలు దాటిన కొన్నేళ్లకు అవ్వ పోయింది. నిండు ముత్తయిదువగా, చేతినిండా గాజులతో, నుదుట అదే గుండ్రంతో పోయింది. పుంగనూరత్త ఆమె పాదాలకు పసుపు రాసి, అంత అదృష్టం ఎవరికొస్తుందని కుమిలి కుమిలి ఏడ్చింది. అయ్యవారు మంత్రం మధ్యలో ఆగి ఆమె భర్త పేరు అడిగాడు. మామ నా వైపు చూశాడు, నేను మామ వైపు చూశాను. చివరికి "శ్రీనివాసులు" అన్నాడు మామ, ఆ పేరుతోనే తంతు జరిగింది. తాత ఎక్కడ పోయాడో, ఎప్పుడు పోయాడో నాకు ఈ రోజుకీ తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. భర్త ఆయుస్సు తరగకూడదని మా అవ్వ కాలానికి దొరక్కుండా ఒక పేరును నోరు మూసుకుని జీవితమంతా దాచింది. దాచిన ఆ చోటికే వచ్చి, ఆమె పక్కనే కూర్చుని, ఆమెకే తెలియకుండా ఆ పేరును తినేసింది కాలం.